ప్యాడిల్‌బోర్డ్ యోగా: ఎక్కడ పడితే అక్కడ కాదు

నీళ్ళ మీద తేలే పొడుగాటి బోర్డ్ ఎక్కి ఆసనాలు వేసే ఈ ప్యాడిల్‌బోర్డ్ యోగా మొదటి క్లాసులో నేను నీళ్ళలో పడింది ఏ కష్టమైన ఆసనమో వేస్తూ కాదు. జారిపోతున్న జుట్టు ముడి వేసుకుందామని రెండు చేతులూ తల వెనక్కి తీసుకెళ్ళాను, అంతే, బుడుంగుమని మునిగాను. క్లాసు మొదలై అప్పటికి నాలుగు నిమిషాలు అయిందేమో. పక్క బోర్డ్ మీదున్న డెబ్బై ఏళ్ళ పెద్దావిడ నవ్వు ఆపుకోవడానికి చాలా కష్టపడింది. ఆవిడ మాత్రం గంటసేపట్లో ఒక్కసారి కూడా తడవలేదు.

ఆ ఫోటోలు వాట్సాప్‌లో పెట్టాక రాజమండ్రి నుంచి మా అత్తయ్య ఫోన్ చేసి "ఏమ్మా, అక్కడ నేల మీద చోటు లేదా?" అని అడిగారు. ఇక్కడ టెక్సస్‌లోని ఆస్టిన్‌లో తెలిసినవాళ్ళు మాత్రం వేరే ప్రశ్న అడగడం మొదలుపెట్టారు, ఏ క్లాసుకి వెళ్ళమంటావు అని. స్విమ్మింగ్ పూల్‌లో జరిగేవి ఉన్నాయి, ఊరి మధ్య లేడీ బర్డ్ లేక్ మీద జరిగేవి ఉన్నాయి, లేక్ ట్రావిస్‌లో ఉన్నాయి, ఉదయం, సాయంత్రం, పున్నమి రాత్రి, మెల్లగా చేయించేవి, చెమటలు కక్కించేవి, బోర్డ్ అద్దెకి తీసుకుని సొంతంగా చేసుకునే దారి కూడా ఉంది. ఇన్నిట్లో ఒకటి ఎంచుకోవడానికి అందరూ ముందు అడిగేది "నాకు యోగా అంత రాదు, పర్వాలేదా?" అని. పర్వాలేదు. అది అసలు పెద్ద విషయమే కాదు. చూసుకోవాల్సింది వేరే ఉంది: మీరు ఎక్కడ పడతారు, పడితే ఏమవుతుంది, మళ్ళీ పైకి ఎక్కగలరా. పడడం మాత్రం ఖాయం, కాబట్టి ఎక్కడ పడితే అక్కడ పడకుండా, పడినా నష్టం లేని చోటు చూసుకుని పడాలి. నేను కింద చెప్పే పోలికలన్నీ ఈ లెక్కన చెప్పేవే.

ముందు ఈ బోర్డ్ ఎందుకు ఊగుతుందో ఒక్క ముక్క చెప్పాలి, ఎందుకంటే అది తెలిస్తే ఎంపిక సగం అయిపోతుంది. మామూలుగా అద్దెకిచ్చే ప్యాడిల్‌బోర్డ్ పది, పదిన్నర అడుగుల పొడవు, 32 అంగుళాల అటూ ఇటూ వెడల్పు ఉంటుంది. పొడవు అంత ఉంది కాబట్టి ముందుకీ వెనక్కీ దాదాపు ఊగదు, వెడల్పు తక్కువ కాబట్టి పక్కలకి మాత్రం ఊరికే ఊగుతుంది. యోగా కోసమని చేసినవి 34 నుంచి 36 అంగుళాలు ఉంటాయి, చూడ్డానికి రెండు నాలుగు అంగుళాలే, కాళ్ళ కింద మాత్రం చాలా తేడా తెలుస్తుంది. అందుకే క్లాసు వాళ్ళకి ఫోన్ చేసినప్పుడు సిగ్గు పడకుండా "మీ బోర్డ్ వెడల్పెంత?" అని అడగండి. ఇంకోటి, మెత్తటి ప్యాడ్ బోర్డ్ అంతా పరిచి ఉందా, లేక నిలబడే చోటే ఉందా అని కూడా అడగండి, ఎందుకంటే మధ్యలో మాత్రమే ఉంటే పడుకున్నప్పుడు తలా మడమలూ గట్టి ప్లాస్టిక్ మీద ఆనుతాయి.

ఇక నీళ్ళ సంగతికి వస్తాను.

పూల్ క్లాసు అంటే చాలామంది "అబ్బే, అదేం మజా" అంటారు. నేనూ అన్నాను. కానీ ఈత రానివాళ్ళకి నేను చెప్పేది ఇదొక్కటే. నీళ్ళు కదలవు, అడుగు కనపడుతుంది, నాలుగడుగుల లోతు వైపు బోర్డ్ కట్టించుకుంటే పడ్డాక లేచి నిలబడొచ్చు. కొన్ని చోట్ల మామూలు ప్యాడిల్‌బోర్డ్ కాకుండా నలుచదరంగా ఉండే తేలే పరుపులు వాడతారు, వాటిని మూలల దగ్గర తాళ్ళతో లేన్ తాడుకో గోడకో కట్టేస్తారు కాబట్టి ఎటూ కొట్టుకుపోవు, అయినా ఊగుతాయి. తెడ్డు పట్టుకునే పనే ఉండదు. నష్టాలు లేవా అంటే ఉన్నాయి. ఒకటి గట్టు. బోర్డ్‌ని గోడకి మరీ దగ్గరగా కడితే పక్కకి పడినప్పుడు తల సిమెంటు అంచుకి తగలొచ్చు, కాబట్టి కనీసం మనిషి పొడుగంత దూరం ఉండేలా చూసుకోండి, లేకపోతే జరపమని అడగండి, మొహమాట పడకండి. రెండోది లోతు తక్కువ కాబట్టి తలకిందులుగా చేసే ఆసనాల జోలికి అక్కడ అస్సలు పోకూడదు. మూడోది క్లోరిన్ వాసన, అది మీ ముక్కు ఓపికని బట్టి ఉంటుంది.

లేడీ బర్డ్ లేక్ గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఆస్టిన్‌లో మొదటిసారి వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది వచ్చి చేరేది అక్కడికే. పేరుకి సరస్సు గానీ అది కొలరాడో నదే, 1960లో లాంగ్‌హార్న్ డ్యామ్ కట్టాక ఊరి మధ్య నిలబడిన నీళ్ళు. (గ్రాండ్ కాన్యన్ నది కాదు, టెక్సస్‌కి వేరే కొలరాడో ఉంది. మా నాన్నగారు వచ్చినప్పుడు ఇది చెప్పడానికి నాకు అరగంట పట్టింది.) 2007 దాకా దీన్ని టౌన్ లేక్ అనేవాళ్ళు. కొత్తవాళ్ళకి దీంట్లో ఉన్న పెద్ద లాభం, పెట్రోల్ ఇంజన్ పడవల్ని ఇక్కడికి రానివ్వరు. అంటే స్పీడ్ బోట్ దూసుకెళ్ళి వెనకాల అలలు తోసే బాధ లేదు, నీళ్ళు చాలావరకు చదునుగా ఉంటాయి. జిల్కర్ పార్క్ దగ్గర బార్టన్ క్రీక్ వచ్చి కలిసే చోట చెట్ల నీడ కూడా ఉంటుంది. ఆ క్రీక్‌లోకి వచ్చే బార్టన్ స్ప్రింగ్స్ ఊట నీళ్ళు ఏడాది పొడుగునా 68, 70 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరే ఉంటాయి కాబట్టి ఆ మూల పడితే ఆగస్టులో ప్రాణం లేచొస్తుంది, మార్చిలో అయితే ప్రాణం పోయినంత పనవుతుంది.

కానీ ఇదే చెరువులో కావాలని దిగి ఈత కొట్టడం నిషేధం, 1964 నుంచీ ఉన్న రూలు. మనుషులు మునిగిపోయారు, అడుగున పాత వంతెనలవీ డ్యామ్‌లవీ శిథిలాలు ఉన్నాయి, పైకి కనపడని ప్రవాహం ఉంది. బోర్డ్ మీంచి జారిపడితే ఎవరూ ఏమీ అనరు, పడ్డాక ఆ పక్కా ఈ పక్కా ఈదుతూ కూర్చోకుండా వెంటనే బోర్డ్ ఎక్కాలి, అంతే. దీన్ని నేను భయపెట్టడానికి చెప్పడం లేదు, ఎంపికకి పనికొస్తుందని చెప్తున్నాను: "పడితే కాసేపు ఈదుకుంటాలే" అనుకునేవాళ్ళకి ఇది సరైన చోటు కాదు, "పడితే వెంటనే ఎక్కేస్తా" అనుకునేవాళ్ళకి మంచి చోటు. ఇంకో విషయం నాచు. 2019లో ఈ నీళ్ళలో దిగిన కుక్కలు కొన్ని చనిపోయాయి, నీలి ఆకుపచ్చ నాచులోని విషం వల్ల. అప్పట్నుంచీ సిటీ వాళ్ళు నీళ్ళని పరీక్షిస్తూ ఉంటారు. ఎండాకాలం బుక్ చేసుకునే ముందు సిటీ పెట్టే హెచ్చరికలు చూసుకోండి, తేలుతున్న నాచు ముద్దల్ని ముట్టుకోకండి, ఇంటికొచ్చి స్నానం చేయండి. మీ కుక్కని బోర్డ్ మీద కూర్చోబెట్టుకుని ఫోటో దిగాలన్న సరదా ఉంటే అది చలికాలానికి వాయిదా వేసుకోండి, అప్పుడు కూడా సిటీ హెచ్చరికలు చూసుకున్నాకే.

ఇంజన్ పడవలు లేవన్నాను కదా, రోయింగ్ పడవలు మాత్రం ఉంటాయి, సన్నగా పొడుగ్గా చాలా వేగంగా పోతాయి, పైగా వాటిని నడిపేవాళ్ళు వెళ్ళే దిక్కుకి వీపు పెట్టి కూర్చుంటారు. అంటే మధ్యలో లంగరేసుకుని కళ్ళు మూసుకుని శవాసనంలో ఉన్న మీరు వాళ్ళకి కనపడరు. క్లాసు ఒడ్డు పక్క మలుపులో పెట్టేవాళ్ళని ఎంచుకోండి. నడి చెరువులో ఫోటోలు బాగా వస్తాయని అక్కడ పెట్టేవాళ్ళని వదిలేయండి.

లేక్ ట్రావిస్ సంగతి వేరు. మాన్స్‌ఫీల్డ్ డ్యామ్ వెనకాల నిలిచిన పెద్ద జలాశయం, నీళ్ళు ఇంకా తేటగా ఉంటాయి, ఈత కొట్టొచ్చు, కొండలు, అందం, అన్నీ నిజమే. కానీ అక్కడ శని ఆదివారాల్లో మోటార్ పడవలు, జెట్ స్కీలు, పార్టీ పడవలు మామూలుగా ఉండవు, ఒక్కొక్కటి పోయినప్పుడల్లా వచ్చే అలకి నా బోర్డ్ ఊగిన ఊపుకి నేను బాలాసనంలో ఉండి కూడా బోర్డ్ అంచులు పట్టుకున్నాను. ఒడ్డు నుంచి నాలుగడుగులు వేయగానే లోతు ఒక్కసారిగా పెరిగే చోట్లు ఉన్నాయి, కరువు వస్తే నీటిమట్టం బాగా పడిపోయి నిన్నటి ఒడ్డు ఇవాళ రాళ్ళగుట్ట అవుతుంది. బాగా ఈత వచ్చి, వారం మధ్యలో తెల్లారే వెళ్ళగలిగేవాళ్ళకి ఇది బంగారం. ఆదివారం పదకొండింటికి మొదటి క్లాసుగా మాత్రం ఎవరికీ చెప్పను. లేక్ ఆస్టిన్ కూడా ఇంచుమించు ఇంతే, ఇంజన్ పడవల అలలు ఉంటాయి.

సముద్రం? గాల్వెస్టన్ వైపు వెళ్ళినప్పుడు ఓసారి చేద్దామా అని అడిగారు ఒకరు. మొదటిసారికి వద్దు. లోపలికి చొచ్చుకొచ్చిన ప్రశాంతమైన ఖాడీ నీళ్ళలో అయితే ఆలోచించొచ్చు, తెరిచిన తీరంలో అల విరిగే చోట బోర్డే మీ మీదకి తిరిగి వచ్చి కొడుతుంది, కింద ఫిన్, అంటే చేప రెక్కలాంటి గట్టి పలక, ఉంటుంది కూడా.

ఇప్పుడు లంగరు గురించి. దీన్ని ఎవరూ అడగరు, నేను మాత్రం అన్నిటికన్నా ముందు ఇదే అడుగుతాను, ఎందుకంటే క్లాసు బాగుంటుందా, తలనొప్పి అవుతుందా అనేది టీచర్ గొంతు తియ్యదనం కన్నా లంగరు మీద ఎక్కువ ఆధారపడి ఉంటుంది. నా రెండో క్లాసు వేరే చోట. అందరికీ ఒక్కొక్క చిన్న లంగరు చేతికిచ్చి, "వేసుకోండి" అన్నారు. నేను నీళ్ళలోకి వదిలి తాడు బిగించి కట్టేశాను. పది నిమిషాల తర్వాత కళ్ళు తెరిచి చూస్తే టీచర్ ఎక్కడో ఉంది, నేను ఇంకెక్కడో ఉన్నాను, ఎవరో చేపలు పట్టుకునే ఆయన నా వంక అనుమానంగా చూస్తున్నాడు. తప్పు లంగరుది కాదు, తాడుది. తాడు లోతుకి సరిగ్గా సరిపోయేంతే వదిలితే అది లంగరుని నిట్టనిలువుగా పైకి లాగుతుంది, కొక్కాలు నేలని పట్టుకోవు. లోతుకి రెండు మూడు రెట్లు తాడు వదిలితే లాగుడు ఏటవాలుగా పడి లంగరు నేలలోకి దిగుతుంది. గోదావరిలో నావ నడిపేవాళ్ళెవర్ని అడిగినా ఇది చెప్తారు, నేనే గోదావరి గట్టున పుట్టి కూడా టెక్సస్ వచ్చి నేర్చుకున్నాను.

ఒక్క లంగరు ముందు వైపు కడితే గాలి ఎటు వీస్తే బోర్డ్ అటు తిరుగుతూ ఉంటుంది, టీచర్ వైపు చూడాలంటే మెడ తిప్పుకుంటూ ఉండాలి, మెడ తిప్పగానే బ్యాలెన్స్ పోతుంది. దీనికన్నా మంచి పద్ధతి, రెండు బోయాల (లంగరేసి నీళ్ళ మీద తేలనిచ్చే గుర్తుల) మధ్య ఒక పొడుగాటి తాడు ముందే కట్టి ఉంచి, అందరి బోర్డ్‌లనీ వరసగా దానికి తగిలించడం. పశువుల్ని గుంజకి కట్టేసినట్టు ఉంటుంది గానీ ఎవరూ ఎటూ పోరు, ఒకళ్ళనొకళ్ళు గుద్దుకోరు. రెండు క్లాసుల్లో దేనికి వెళ్ళాలో తేలకపోతే, ఒకటి పది డాలర్లు ఎక్కువైనా సరే, తాడు కట్టి ఉంచేదానికే వెళ్ళండి. అది లేకపోతే కనీసం "లంగరు మీరే వేసి చూస్తారా, మమ్మల్నే వేసుకోమంటారా" అని కనుక్కోండి.

ముందు ప్యాడిల్ నేర్చుకోవాలా, ముందు యోగా నేర్చుకోవాలా అనేది ఇంకో ప్రశ్న. మా ఇంట్లోనే దీనికి రెండు ఉదాహరణలు ఉన్నాయి. నాకు ఈత అంతంత మాత్రం, యోగా అంటే ఆఫీసులో నడుం పట్టేసినప్పుడు గుర్తొచ్చేది. రౌండ్ రాక్‌లో ఉండే మా వదినకి పదేళ్ళ యోగా, ఈత సున్నా. ఎవరు తక్కువ పడ్డారనుకుంటున్నారు? నేనే. యోగా బాగా వచ్చినవాళ్ళకి ఒక చిక్కుంది, నేల మీద వేసినట్టే వేయాలని చూస్తారు. నేల మీద వీరభద్రాసనంలో ముందు మడమ, వెనక పాదం ఒకే గీత మీద పెట్టమంటారు కదా, బోర్డ్ మీద అలా పెడితే కాళ్ళ కింద వెడల్పే ఉండదు, తాడు మీద నడిచినట్టే. పాదాల్ని కాస్త ఎడంగా, మధ్య గీతకి అటొకటి ఇటొకటి పెట్టాలి, మోకాళ్ళు ఎక్కువ వంచాలి. మా వదిన మొదట్లో ఇది ఒప్పుకోలేదు, "ఇది తప్పు పొజిషన్" అంటూ ఉండగానే పడ్డారు. నాకు ఏదీ సరిగ్గా రాదు కాబట్టి చెప్పింది చెప్పినట్టు చేశాను.

అయినా నా సలహా: క్లాసుకి ముందు ఒకసారి, ఒక్క గంట, ఉత్త ప్యాడిలింగ్‌కి వెళ్ళి రండి. నేను వెళ్ళినప్పుడు గంటకి 25 డాలర్ల లోపే అయింది, యోగా క్లాసు 40 అయింది. ఆ గంటలో మోకాళ్ళ మీద కూర్చుని తెడ్డు వేయడం, నిలబడడం, తిరగడం, అన్నిటికన్నా ముఖ్యంగా కావాలని ఓసారి పడి మళ్ళీ ఎక్కడం నేర్చుకోండి. (లేడీ బర్డ్ లేక్‌లో ఇది చేయకండి, ఈత మామూలుగా కొట్టుకోనిచ్చే చోటు చూసుకోండి.) ఎక్కడం ఎలా అంటే, బోర్డ్ మధ్యలో చేత్తో పట్టుకునే గాడి ఉంటుంది, పక్కనుంచి దాన్ని ఒక చేత్తో పట్టుకుని, కాళ్ళని వెనక నీటిపైకి తేలేలా కొట్టి, పొట్ట మీద పాక్కుంటూ పైకి రావాలి. కాళ్ళు బోర్డ్ కిందకి వేలాడుతుండగా చేతుల బలంతో లేవాలని చూస్తే జబ్బలు పోతాయి గానీ పైకి రాలేరు. ఇది వచ్చేస్తే టెన్షన్ సగం పోతుంది, టెన్షన్ పోతే పడడమూ తగ్గుతుంది. పడేటప్పుడు బోర్డ్‌కి దూరంగా, వీపు మీదో పక్కకో చదునుగా పడండి, దూకినట్టు తల ముందు పెట్టొద్దు. పైకి తేలేటప్పుడు ఒక చెయ్యి నెత్తి మీద పెట్టుకోండి, పైన బోర్డ్ ఉండొచ్చు.

క్లాసుల పేర్లు చూసి మోసపోకండి. "ఫ్లో" అని ఉంటే ఆసనం నుంచి ఆసనానికి ఆపకుండా మారుస్తారు, మారే క్షణాల్లోనే మనం పడేది. "జెంటిల్", "రిస్టోరేటివ్" లాంటివి ఉంటే మొదట వాటికే వెళ్ళండి. మార్జాలాసనం, బాలాసనం, భుజంగాసనం, సేతుబంధాసనం, ఇవన్నీ శరీరం బోర్డ్‌కి దగ్గరగా ఉండేవి, బరువు కిందకి ఉంటుంది కాబట్టి కొత్తవాళ్ళకి కూడా వచ్చేస్తాయి. అధోముఖ శ్వానాసనం కష్టం అనుకుంటాం గానీ రెండు చేతులు, రెండు కాళ్ళు ఆనుతాయి కాబట్టి పర్వాలేదు. వృక్షాసనం మాత్రం ఒంటికాలి మీద, దాన్ని ఈ జన్మకి ఫోటోల్లో చూసుకుంటాను. నిలబడి చేసే వాటిలో నీళ్ళ వైపు చూడకుండా ఒడ్డున కదలని చెట్టునో స్తంభాన్నో చూడాలి. ఇక శవాసనం కోసమే నేను మళ్ళీ మళ్ళీ వెళ్ళేది, చేతులు రెండు పక్కలా నీళ్ళలో వేలాడేసి పడుకుంటే కట్టిన నలభైలో ఇరవై డాలర్లు అక్కడికే గిట్టుబాటు.

ఉదయమా సాయంత్రమా అంటే ఉదయం. దీంట్లో నాకు రెండో మాట లేదు. టెక్సస్‌లో ఎండాకాలం వంద డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంది, పొద్దెక్కేకొద్దీ గాలి లేస్తుంది, చెరువులో జనం పెరుగుతారు. సాయంత్రం క్లాసుకి ఒక ఆకర్షణ ఉంది, కాంగ్రెస్ అవెన్యూ వంతెన కింద ఉండే గబ్బిలాలు, వేసవి రోజుల్లో దాదాపు 15 లక్షలు, చీకటి పడే వేళకి పొగలాగా బయటికి వస్తాయి, వాటిని నీళ్ళ మీంచి చూడొచ్చు. చూడాల్సిందే, కానీ ప్యాడిల్ చేస్తూ చూడండి, వంతెనకి సరిగ్గా కిందకి వెళ్ళకండి, ఎందుకో చెప్పనక్కర్లేదు. పున్నమి క్లాసుల్లో బోర్డ్ కింద లైట్లు పెడతారు, అందంగా ఉంటుంది, అయితే చీకట్లో చూపు నిలపడానికి చెట్టూ స్తంభమూ కనపడవు. మూడోసారో నాలుగోసారో వెళ్ళండి.

బోర్డ్ కొనేయాలా? మొదటి క్లాసు ఉత్సాహంలో మావారు ఆ రాత్రే కార్ట్‌లో వేశారు, నేను తీసేశాను. గాలి కొట్టే రకాలు మూడొందల డాలర్ల నుంచి వెయ్యి దాటేదాకా ఉన్నాయి, చుట్టి బ్యాగులో పెట్టుకోవచ్చు, అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళకి అదే దారి, మోకాలు తగిలినా దెబ్బ తగలదు. గట్టి బోర్డ్‌లు నీళ్ళని చక్కగా కోసుకుంటూ పోతాయి, కానీ కారు పైన కట్టాలి, పడేటప్పుడు గడ్డానికి తగిలితే మాత్రం నక్షత్రాలు కనపడతాయి. యోగాకి గాలి రకమే మేలు, కాకపోతే గాలి సరిపడా కొట్టాలి, చాలా వాటికి 12 నుంచి 15 పీఎస్ఐ (గాలి పీడనం కొలత) దాకా. చేతి పంపుతో పదికి రాగానే చేతులు పడిపోతాయి, "చాల్లే" అనిపిస్తుంది, అక్కడ ఆపితే నిలబడగానే బోర్డ్ మధ్యలో కుంగి అరటికాయలా వంగుతుంది, ఇక దాని మీద ఏ ఆసనమూ నిలవదు. అద్దె బోర్డ్ అయినా ఎక్కే ముందు బొటనవేలితో నొక్కి చూడండి, లోపలికి పోతే ఇంకా కొట్టమనండి. నాలుగైదు క్లాసులయ్యాక కొనే సంగతి చూసుకోవచ్చు.

లైఫ్ జాకెట్ గురించి వాదించేవాళ్ళు ఉంటారు కాబట్టి ఇది కూడా. 2008లో అమెరికా కోస్ట్ గార్డ్ ప్యాడిల్‌బోర్డ్‌ని పడవల కిందే లెక్కేసింది, అంటే ఈత కొట్టే హద్దులూ సర్ఫింగ్ హద్దులూ దాటి వెళ్తే మనిషికొకటి బోర్డ్ మీద ఉండాల్సిందే. టెక్సస్‌లో పదమూడేళ్ళ లోపు పిల్లలు వేసుకునే ఉండాలి. నడుముకి బెల్టులాగా కట్టుకుని, తాడు లాగితే ఉబ్బే రకం యోగాకి అడ్డం రాదు, చాలామంది అదే వాడతారు, కానీ అది కట్టుకుంటేనే లెక్క, బోర్డ్ మీద పడేస్తే కుదరదు, పదహారేళ్ళ లోపు వాళ్ళకి పనికిరాదు. ఈత రానివాళ్ళకి అది వద్దని నా గట్టి మాట, ఎందుకంటే నీళ్ళలో పడి కంగారులో ఉన్న మనిషి తాడు వెతుక్కుని లాగి, ఉబ్బినదాన్ని మెళ్ళో వేసుకోవడం అయ్యే పని కాదు. మామూలు ఫోమ్ జాకెట్ వేసుకోండి, భుజంగాసనంలో కాస్త ఇబ్బంది, అంతకన్నా ఏం లేదు.

ఏం వేసుకోవాలని అక్కచెల్లెళ్ళు చాలామంది అడుగుతారు, స్విమ్ సూట్ తప్పనిసరి అనుకుని ఆగిపోయినవాళ్ళు కూడా తెలుసు నాకు. అక్కర్లేదు. లెగ్గింగ్స్, పొడుగు చేతుల ఈత టాప్ వేసుకుంటే ఎండ నుంచి కూడా కాపాడుతుంది. కాటన్ కుర్తా మాత్రం వద్దు, తడిస్తే బరువెక్కి ఎక్కేటప్పుడు కిందకి లాగుతుంది. గాజులు, ఉంగరాలు, మెట్టెలు, గొలుసు ఇంట్లో పెట్టి రండి, చల్లటి నీళ్ళకి వేళ్ళు సన్నబడి ఉంగరం జారిపోవడం నేను కళ్ళారా చూశాను, ఆవిడ ఏడుపు కూడా చూశాను. కళ్ళజోడుకి వెనక తాడు కట్టుకోండి. ముందు రోజు తలకి నూనె పెట్టుకుంటే క్లాసు పొద్దున తలంటుకుని రండి, ఆ నూనె చేతులకి, చేతుల నుంచి బోర్డ్‌కి అంటి జారుడుబల్ల అవుతుంది, సన్‌స్క్రీన్ కూడా అరికాళ్ళకి, అరచేతులకి తగలనీయకండి. తిండి రెండు గంటల ముందు, రెండు ఇడ్లీలు చాలు, ఉప్మా పెసరట్టు తిని భుజంగాసనం వేస్తే ఏమవుతుందో నేను రాయను. కళ్ళు తిరిగే జబ్బు, చెవిలో సమస్య, గర్భం, మణికట్టు నొప్పి ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా రావద్దు, మెత్తటి బోర్డ్ మీద మణికట్టు నేల మీద కన్నా ఎక్కువ వంగుతుంది.

హైదరాబాద్ నుంచీ విశాఖ నుంచీ అడిగే చుట్టాలకి కూడా నా లెక్క అదే, పడే చోటు చూసుకోవడం. హుస్సేన్ సాగర్ తెరచాప పడవలకి పేరున్నదే, కానీ ఆ నీళ్ళలో తల ముంచే ధైర్యం నాకు లేదు. రుషికొండకి బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన బీచ్‌లకిచ్చే గుర్తింపు) వచ్చింది, ఇసుక బాగుంది, కానీ విశాఖ తీరంలో లోపలికి లాగే ప్రవాహాలు ఉంటాయి, ఏటా మనుషులు పోతున్నారు, తెరిచిన సముద్రంలో మొదటిసారి వద్దు. వికారాబాద్ దగ్గర కోట్‌పల్లి లాంటి జలాశయంలో కయాకింగ్ చేసి నీళ్ళ మీద భయం పోగొట్టుకోవడం మంచి మొదలు. సెలవు పెట్టుకుని వెళ్ళగలిగితే మంగళూరు పక్కన మూల్కి, అక్కడ శాంభవి నది సముద్రంలో కలవబోయే చోట నీళ్ళు చదునుగా ఉంటాయి, స్టాండప్ ప్యాడిలింగ్ నేర్పేవాళ్ళు ఉన్నారు. వర్షాకాలం తప్పించి వెళ్ళండి. చెన్నై పక్కన కోవలంలోనూ సర్ఫింగ్ వాళ్ళ దగ్గర అడగొచ్చు, అయితే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తూర్పు తీరంలో తుఫాన్ల కాలం, అప్పుడు వద్దు.

మా వదిన సంగతి చెప్పి ఆపుతాను. ఆవిడ మొదట లేక్ ట్రావిస్ క్లాసే కావాలన్నారు, ఫోటోలు చూసి. "వదినా, మీకు ఈత రాదు కదా" అంటే "యోగా వచ్చు కదా" అన్నారు. రెండు రోజులు వాదించుకున్నాక పూల్ క్లాసుకి ఒప్పుకున్నారు, నాలుగడుగుల లోతు వైపు, ఒంటి మీద జాకెట్, గట్టుకి దూరంగా కట్టిన బోర్డ్. నేను పైన చెప్పిన "తప్పు పొజిషన్" గొడవ అక్కడిదే. మొత్తం ఆరుసార్లు పడ్డారు, ఆరుసార్లూ లేచి నిలబడి ఛాతీ దాకా నీళ్ళలో నిలబడే టీచర్‌తో వీరభద్రాసనం గురించి వాదించారు. ఇప్పుడు ఈత క్లాసులో చేరారు, మా మేనల్లుడితో కలిసి, వాడికి తొమ్మిదేళ్ళు. వాడు ముందు వరసలో, ఆవిడ వెనక వరసలో. అక్టోబర్‌కి లేడీ బర్డ్ లేక్ బుక్ చేయమని నిన్న మెసేజ్ పెట్టారు, కింద ఇంకో లైను కూడా ఉంది: "తాడు కట్టి ఉంచే క్లాసే. అడిగావా?"